ట్యాబ్‌లో మొదలై కంప్యూటర్‌లో పూర్తయ్యే తెలుగు రాతకు ఏ సాఫ్ట్‌వేర్ మేలు?

రాతపనికి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు చాలామంది దానిలోని సదుపాయాల జాబితా చూస్తారు. తెలుగులో రాసేవారు, అందులోనూ కొంత ట్యాబ్ మీద, మరికొంత కంప్యూటర్ మీద రాసేవారు ముందుగా చూడవలసింది వేరే ఉంది. ట్యాబ్‌లో టైపు చేసిన పేరాను కంప్యూటర్‌లో తెరిస్తే ఒత్తులు, పొల్లులు, ఫాంటు, ఆఖరున చేసిన దిద్దుబాట్లు ఉన్నవి ఉన్నట్టుగా కనబడుతున్నాయా లేదా అన్నదే అది. ఈ పరీక్షకు నిలబడిన సాఫ్ట్‌వేర్‌లో మిగతా లోపాలు ఎన్ని ఉన్నా సర్దుకుపోవచ్చు. నిలబడనిదానికి ఎన్ని హంగులున్నా ఉపయోగం లేదు. గూగుల్ డాక్స్, మైక్రోసాఫ్ట్ వర్డ్, స్క్రివెనర్, అబ్సిడియన్, జాప్లిన్, లిబ్రేఆఫీస్‌లను ఇక్కడ ఆ దృష్టితోనే పరిశీలించాను. నేను రోజూ వాడేది విండోస్ ల్యాప్‌టాప్, ఆండ్రాయిడ్ ట్యాబ్. ఐప్యాడ్ వాడకం తక్కువ. కనుక ఈ అభిప్రాయాలలో ఆ జతవైపు కొంత మొగ్గు ఉండటం సహజం.

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లే ముందు కీబోర్డు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక పరికరం నుంచి మరొకదానికి మారినప్పుడు చేతి అలవాటు మొదట దెబ్బతినేది అక్కడే. భారతీయ లిపులకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక నేర్చుకున్నవారికి విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ అదే అమరిక దొరుకుతుంది కాబట్టి వారికి ఈ బాధ తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునేవారికి 2019 మే నవీకరణ నుంచి విండోస్ 10లోనే ఫొనెటిక్ కీబోర్డు ఉంది. ట్యాబ్‌లో ఆ పని గూగుల్ వారి కీబోర్డు ఆప్ జీబోర్డు చేస్తుంది. అయితే ఇలా మార్చే ఉపకరణాలన్నిటి పద్ధతీ ఒకటి కాదు. జీబోర్డు మనం కొట్టినదాన్ని బట్టి మాటను ఊహించి సూచిస్తుంది. లేఖిని వంటి ఉపకరణాలు మాత్రం కొట్టిన ప్రతి అక్షరాన్నీ ఒక నియమం ప్రకారం మారుస్తాయి. ళ, ణ, ఠ వంటివాటికి పెద్ద అక్షరాలు కొట్టడానికి వేళ్లు అలవాటుపడినవారికి జీబోర్డు ఊహలు కొంతకాలం చిరాకు తెప్పిస్తాయి. మాండలికంలో సంభాషణలు రాసేవారికి ఆ చిరాకు ఎప్పటికీ తీరకపోవచ్చు, ఎందుకంటే ఆ మాటలు సూచనల్లో సాధారణంగా కనబడవు. ఇంకొక సంగతి: ట్యాబ్‌కు బ్లూటూత్ కీబోర్డు కలపగానే తెర మీది కీబోర్డు పక్కకు తప్పుకుంటుంది, దానితోపాటే తెలుగు కూడా తప్పుకునే ట్యాబ్‌లు ఉన్నాయి. కొనేముందు దుకాణంలోనే కీబోర్డు కలిపి 'అర్ఘ్యం', 'లక్ష్మి' అని కొట్టి చూడటం మంచిది. అమ్మేవారు కాస్త విసుక్కున్నా ఫరవాలేదు.

తరువాతది కంటికి కనబడని విషయం. 'ట్యాబ్‌లో' అని రాసినప్పుడు 'బ్' పొల్లుగా విడిగా నిలబడాలంటే దానికీ 'లో'కూ మధ్య యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ అక్షరాలను గుర్తించే ఉమ్మడి సంకేత పద్ధతిలో, ఒక అదృశ్యాక్షరం ఉండాలి. దాన్ని జీరో విడ్త్ నాన్‌జాయినర్ అంటారు. అది జారిపోతే మాట 'ట్యాబ్లో' అయి, లకారం ఒత్తుగా మారి కిందికి దిగుతుంది. 'సాఫ్ట్‌వేర్', 'ల్యాప్‌టాప్', 'హైకోర్ట్‌లో' వంటి మాటలన్నిటికీ ఇదే గతి. ఒక ఆప్‌లో కాపీ చేసి మరొక ఆప్‌లో అతికించేటప్పుడు, పాత ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఈ అక్షరం ఎక్కువగా పోతూ ఉంటుంది. పోయిందన్న సంగతి కూడా వెంటనే తెలియకపోవచ్చు, తరువాత ఎప్పుడో ఆ మాట కోసం వెతికినప్పుడు సగం చోట్లే దొరికితే అప్పుడు బయటపడుతుంది. ఈ అక్షరం తక్కువదేమీ కాదు: 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 మీద నడిచే ఐఫోన్లు, ఐప్యాడ్లలో జ, పొల్లు, ఞ, ఈ అదృశ్యాక్షరం, ఆపైన దీర్ఘం వరుసగా వస్తే చాలు, ఆ సందేశం తెరిచిన ఆప్ మూతపడేది. ఆపిల్ సంస్థ 11.2.6తో దాన్ని సరిచేసింది. అందుకే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా పరీక్షించేటప్పుడు ఇటువంటి మాటలతో నిండిన ఒక పేరాను ట్యాబ్ నుంచి కంప్యూటర్‌కూ, అక్కడి నుంచి తిరిగి ట్యాబ్‌కూ పంపి చూడాలి. ఇక్కడ పేర్కొన్నవాటిలో సొంత సింక్ (పరికరాలన్నిటిలో ఒకే ప్రతి ఉండేట్టు చూసే ఏర్పాటు) ద్వారా ఫైలు అటూ ఇటూ వెళ్లినప్పుడు దేనిలోనూ ఈ అక్షరం జారిపోలేదు. కాపీ చేసి అతికించడం అనే అలవాటునే మానుకోవాలన్నది దీన్ని బట్టి తేలిన విషయం.

గూగుల్ డాక్స్ ఈ పనికి మిగతావాటికన్నా ముందు నిలుస్తుంది. కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, బ్రౌజర్ చాలు. ఆండ్రాయిడ్‌కూ ఐప్యాడ్‌కూ ఆప్‌లు ఉన్నాయి. జీమెయిల్, ఫొటోలతో కలిపి 15 జీబీ వరకు ఉచితం. కేవలం పాఠ్యమే ఉన్న తెలుగు నవల ఎంత పెద్దదైనా అందులో ఒక మూలకు సరిపోతుంది. ట్యాబ్‌లో పేరా ముగించి ల్యాప్‌టాప్ తెరిచేసరికి అది అక్కడ ఉంటుంది. వెర్షన్ హిస్టరీలో పాత ప్రతులు తేదీలవారీగా దొరుకుతాయి, వాటికి 'రెండో చిత్తు', 'సంపాదకులకు పంపినది' అని పేర్లు కూడా పెట్టుకోవచ్చు. సజెస్టింగ్ పద్ధతిలో సంపాదకులు చేసే మార్పులు రంగులో విడిగా కనబడతాయి, ఒక్కొక్కటిగా ఒప్పుకోవచ్చు లేదా తోసిపుచ్చవచ్చు. క్రోమ్‌లో వాయిస్ టైపింగ్ తెలుగును గుర్తిస్తుంది. విరామ చిహ్నాలు మాత్రం మనమే పెట్టుకోవాలి. చేతిరాత ప్రతిని చదివి కంప్యూటర్‌కు ఎక్కించేవారికి ఇది ఎంతో శ్రమ తగ్గిస్తుంది.

ఫాంట్ల విషయంలోనూ డాక్స్‌దే పైచేయి. ఫాంట్ల జాబితాలో తెలుగు లిపిని ఎంచుకుంటే మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ, నోటో సెరిఫ్ వంటివన్నీ వస్తాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ కూడా అక్కడే కొలువుదీరి ఉంటారు, భువనవిజయం మెనూలోకి వచ్చి కూర్చున్నట్టుగా. ఇవి గూగుల్ దగ్గరి నుంచే వచ్చే ఫాంట్లు కాబట్టి, బ్రౌజర్‌లో తెరిచినంతవరకు ఏ కంప్యూటర్‌లో చూసినా పేజీ ఒకే రీతిగా ఉంటుంది. చదవడానికి మండలి గానీ నోటో సెరిఫ్ గానీ అనుకూలంగా ఉంటాయి, రామభద్రను శీర్షికలకే పరిమితం చేయాలి. పెద్దన ఫాంటు పేరుకు పెద్దనే గానీ, అదే సైజులో మిగతావాటికంటే అక్షరం చిన్నదిగా కనబడుతుంది, సైజు పెంచుకోవాలి.

డాక్స్‌లోని లోపాలు రెండు మూడు మాత్రం తెలిసి ఉండాలి. నెట్ లేనిచోట రాయాలంటే ముందుగానే ఏర్పాటు చేసుకోవాలి: ల్యాప్‌టాప్‌లో క్రోమ్ లేదా ఎడ్జ్ బ్రౌజర్‌కు ఆఫ్‌లైన్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవాలి, ట్యాబ్‌లో ఆ ఫైలును ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉండేట్టు గుర్తుపెట్టాలి. రైలు కదిలాక ఈ పని చేద్దామంటే కుదరదు. రెండవది డాక్యుమెంటు పరిమితి, 10 లక్షల 20 వేల క్యారెక్టర్లు. ఇది చాలా పెద్ద సంఖ్యలా కనబడుతుంది గానీ, తెలుగు రాతను కంప్యూటర్ లెక్కపెట్టే తీరు వేరు: మనకు ఒకే అక్షరమైన 'శ్రీ' దానికి శ, పొల్లు, ర, ఈకారం గుర్తు కలిపి నాలుగు. ఒక్కొక్క మాటకు ఖాళీతో కలిపి సుమారు తొమ్మిది చొప్పున వేసుకున్నా లక్ష మాటల నవల తొమ్మిది లక్షలకు చేరుకుంటుంది. అంతకు చాలా ముందే పాత ట్యాబ్‌లో ఫైలు తెరుచుకోవడం, కదలడం బరువెక్కుతాయి. 2024లో వచ్చిన డాక్యుమెంట్ ట్యాబ్స్ అనే సదుపాయంతో ఒకే ఫైలులో అధ్యాయాలను విడదీయవచ్చు, అయినా పెద్ద నవలకు భాగాన్ని బట్టి వేరు వేరు ఫైళ్లు పెట్టుకోవడమే క్షేమం.

మూడవది ఎక్కువమంది గమనించనిది. గూగుల్ డ్రైవ్‌ను కంప్యూటర్‌లో ఫోల్డరుగా పెట్టుకున్నవారు అందులో కనబడే డాక్స్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, రాసినదంతా భద్రపరిచామని అనుకుంటారు. నిజానికి అక్కడ ఉన్నవి గూగుల్ దగ్గర ఉన్న అసలు పత్రానికి దారి చూపే చిన్న లంకెలు మాత్రమే. వాటిలో మన రాత ఒక్క వాక్యం కూడా ఉండదు. ఖాతా తెరుచుకోని రోజున ఆ పెన్‌డ్రైవ్ ఎందుకూ కొరగాదు. కనుక డౌన్‌లోడ్ మెనూ నుంచి వర్డ్ ఫైలుగానో, సాదా టెక్స్ట్‌గానో ప్రతి తీసుకోవాలి, లేదా గూగుల్ టేకౌట్ ద్వారా మొత్తం ఒకేసారి దించుకోవాలి. నెలకొకసారి ఈ పని చేస్తే డాక్స్‌ను నిశ్చింతగా వాడుకోవచ్చు.

మైక్రోసాఫ్ట్ వర్డ్ విషయంలో ముందు ట్యాబ్ తెర కొలత చూసుకోవాలి. 10.1 అంగుళాలు, అంతకన్నా చిన్న తెరలున్న పరికరాలలో సొంత వాడకానికి ఫైళ్లను ఉచితంగా దిద్దుకోవచ్చు. తెర అంతకంటే పెద్దదైతే మైక్రోసాఫ్ట్ 365 చందా ఉండాలి, లేకపోతే ఫైలు చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. ఇప్పుడు దుకాణాలలో ఎక్కువగా కనబడే 10.4, 11 అంగుళాల ట్యాబ్‌లన్నీ ఆ గీతకు అవతలే ఉన్నాయి. 10.2 అంగుళాల ఐప్యాడ్‌దీ అదే పరిస్థితి, 8.3 అంగుళాల ఐప్యాడ్ మినీ మాత్రం గట్టెక్కుతుంది. ట్యాబ్ కొనేటప్పుడు ఈ సంగతి చెప్పిన అమ్మకందారును నేనింతవరకు చూడలేదు. తనంతట తాను భద్రపరిచే ఆటోసేవ్ సదుపాయం ఫైలు మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో ఉన్నప్పుడే పనిచేస్తుంది, ఉచితంగా వచ్చే చోటు 5 జీబీ.

చందా ఉన్నవారికి వర్డ్ గట్టి సాధనమే. అయితే తెలుగుకు సంబంధించి అందులో ఒక మెలిక ఉంది. వర్డ్ దృష్టిలో తెలుగు 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' కనుక శైలులు (స్టైల్స్) మార్చే పెట్టెలో లాటిన్ లిపికి ఒక ఫాంటు, సైజు, తెలుగుకు వేరే ఫాంటు, సైజు ఉంటాయి. ఒకదాన్ని మార్చి రెండవదాన్ని వదిలేస్తే తెలుగు పేరాలో ఇంగ్లీషు పేర్లు, అంకెలు ఒక సైజులోనూ తెలుగు మరొక సైజులోనూ వస్తాయి. చూసేవారికి కారణం అంతుపట్టదు. ట్యాబ్ ఆప్‌లో ఆ పెట్టె లేదు, కనుక శైలులన్నీ కంప్యూటర్‌లోనే సిద్ధం చేసుకుని ఆ తరువాత ట్యాబ్‌లో రాసుకోవాలి. ఫాంట్ల సంగతి కూడా అంతే: విండోస్‌లో గౌతమి, నిర్మలా ఫాంట్లు ఉంటాయి, ఐప్యాడ్‌లో కోహినూర్ తెలుగు, తెలుగు సంగం ఉంటాయి, ఆండ్రాయిడ్‌లో నోటో ఉంటుంది. గౌతమిలో రాసిన ఫైలు ఐప్యాడ్‌లో మరో ఫాంటులో తెరుచుకుని పేజీల సంఖ్యే మారిపోతుంది. అక్షరాలకు నష్టమేమీ ఉండదు గానీ, '4వ పేజీ రెండో పేరా చూడండి' అని చెప్పుకోవడం కుదరదు.

స్క్రివెనర్ గురించి ఇంగ్లీషు రచయితలు గొప్పగా చెబుతారు, ఆ మెప్పు న్యాయమైనదే. నవలను దృశ్యాలుగా విడదీసి, వాటిని అటూ ఇటూ జరిపి, పక్కనే పరిశోధన పత్రాలు పెట్టుకుని, చివరికి అన్నిటినీ కలిపి ఒకే ప్రతిగా తెచ్చుకునే ఏర్పాటు ఇందులో ఉన్నంత చక్కగా నేను చూసినవాటిలో మరొకదానిలో లేదు. 2007లో మ్యాక్‌కు, తరువాత విండోస్‌కు, 2016లో ఐప్యాడ్‌కు వచ్చింది. ఆండ్రాయిడ్‌కు మాత్రం లేదు, కనుక ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉన్నవారికి చర్చ ఇక్కడితో ముగిసినట్టే. నెలవారీ చందా లేకుండా ఒకేసారి కొనుక్కోవచ్చు, కానీ మ్యాక్, విండోస్, ఐప్యాడ్‌లకు విడివిడిగా కొనాలి. కంప్యూటర్ ప్రతి సుమారు 60 డాలర్లు. ముందుగా చూడదలచినవారికి, వాడిన రోజులను మాత్రమే లెక్కపెట్టే 30 రోజుల ఉచిత గడువు ఉంది, ఇది చాలా ఉదారమైన పద్ధతి.

దీని సింక్ విషయంలో మాత్రం క్రమశిక్షణ తప్పనిసరి. స్క్రివెనర్ ప్రాజెక్టు నిజానికి ఒక ఫైలు కాదు, అనేక చిన్న ఫైళ్లున్న ఫోల్డరు. ఐప్యాడ్‌కూ కంప్యూటర్‌కూ మధ్య అది డ్రాప్‌బాక్స్ అనే ఆన్‌లైన్ నిల్వ ద్వారా ప్రయాణం చేస్తుంది. ఒక చోట ప్రాజెక్టును మూసి, డ్రాప్‌బాక్స్ పని పూర్తయ్యాకనే రెండవ చోట తెరవాలి, లేదంటే ఒకే అధ్యాయానికి రెండు ప్రతులు తయారవుతాయి. లోపలి ఫైళ్లు ఆర్‌టీఎఫ్ పద్ధతిలో ఉంటాయి. వాటిని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు కనబడదు, అక్షరానికి బదులు సంఖ్యలు కనబడతాయి. 'క' ఉండవలసిన చోట 3093 ఉంటుంది. స్క్రివెనర్ ఉన్నంతకాలం దీనివల్ల ఇబ్బంది లేదు. అది లేని కంప్యూటర్‌లో అత్యవసరంగా ఒక పేరా తీయాలంటే ఆర్‌టీఎఫ్‌ను చదవగల మరో సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాలి.

ఇందుకు సరిగ్గా వ్యతిరేక దిశలో ఉన్నది అబ్సిడియన్. ఇది రాసినదంతా మన సొంత ఫోల్డరులో సాదా టెక్స్ట్ ఫైళ్లుగా, శీర్షికల వంటివాటిని మామూలు గుర్తులతోనే సూచించే మార్క్‌డౌన్ పద్ధతిలో ఉంచుతుంది. ఎక్కడ తెరిచినా, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనబడుతుంది. ఈ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పట్టినా, ఎనభై వేల మాటల నవల రెండు ఎంబీల దగ్గరే ఆగుతుంది. ఒక ఫొటో పాటి చేయదు. విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐప్యాడ్ అన్నిటిలోనూ ఉచితం. పరికరాల మధ్య సింక్‌కు మాత్రం ఆ సంస్థ విడిగా నెలకు నాలుగైదు డాలర్ల నుంచి తీసుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్ ఫోల్డరును నేరుగా తెరిచి వాడుకునే వీలు లేదు కాబట్టి, డబ్బు కట్టనివారు వేరే సింక్ ఆప్‌ల సహాయం తీసుకోవాలి, అది అందరికీ సులువైన పని కాదు.

తెలుగులో రాసేవారికి మార్క్‌డౌన్‌తో ఒక చిన్న పితలాటకం ఉంది. శీర్షికకు హాష్ గుర్తు, ఒత్తి చెప్పవలసిన మాటకు నక్షత్రాలు పెట్టాలి. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో షిఫ్టు పట్టుకుని అంకెల వరుస నొక్కితే క్ష, శ్ర, జ్ఞ వంటి సంయుక్తాక్షరాలు వస్తాయి, ఆ గుర్తులు రావు. అంటే ప్రతి శీర్షికకూ ఇంగ్లీషు కీబోర్డుకు మారి మళ్లీ తెలుగుకు రావాలి. కథ రాసేటప్పుడు ఇది పెద్దగా తెలియదు, ఉపశీర్షికలు ఎక్కువగా ఉండే వ్యాసాలలో మాత్రం బాగా తెలుస్తుంది.

సింక్‌కు డబ్బు పెట్టకుండా ఇదే తీరున రాసుకోవాలంటే జాప్లిన్ ఉంది. ఇది ఓపెన్ సోర్స్. డ్రాప్‌బాక్స్ లేదా వన్‌డ్రైవ్ ఉచిత ఖాతాతో అన్ని పరికరాలనూ కలుపుతుంది, కావాలంటే రాతను రహస్య సంకేతాలుగా మార్చి పంపుతుంది. చూడటానికి అందంగా ఉండదు, రాత కూడా దాని డేటాబేసులో ఉంటుంది. కానీ మార్క్‌డౌన్ ఫైళ్లుగా బయటకు తీసుకోవచ్చు. దినచర్యలు, చిన్న వ్యాసాలు రాసేవారికి నేను దీన్నే సూచిస్తాను.

లిబ్రేఆఫీస్ కంప్యూటర్‌లో ఉచితంగా వర్డ్ చేసే పనులన్నీ దాదాపుగా చేస్తుంది, తెలుగు అక్షరదోషాల నిఘంటువు కూడా దానితో వస్తుంది. సంధులతో, విభక్తులతో ఒకే మాట వందల రూపాలు ఎత్తే భాషకు అటువంటి నిఘంటువు ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే సంగతి. ఎర్రగీతలు చూసి బెంబేలెత్తనక్కరలేదు. ట్యాబ్‌లో మాత్రం దీనికి నేరుగా జోడీ లేదు, అదే మూలం నుంచి తయారైన కొలాబొరా ఆఫీస్ వాడుకోవాలి. అది చిన్న దిద్దుబాట్లకు సరిపోతుంది, పూటపూటా రాయడానికి కాదు. యులిసెస్, పేజెస్ ఆపిల్ పరికరాలే ఉన్నవారి కోసం, వారికి బాగానే ఉంటాయి. ఐఏ రైటర్ అందమైన సాధనమే గానీ ఆ సంస్థ 2024లో ఆండ్రాయిడ్ నుంచి తప్పుకుంది. దాన్ని నమ్ముకున్నవారు నష్టపోనిది వారి రాత సాదా టెక్స్ట్ ఫైళ్లలో ఉండటం వల్లనే.

ఆండ్రాయిడ్ ట్యాబ్, విండోస్ ల్యాప్‌టాప్ ఉన్న తెలుగు రచయితకు నా సూచన గూగుల్ డాక్స్, నెలకొక ప్రతి దించుకునే షరతు మీద. కొన్నేళ్లపాటు సాగే పెద్ద పుస్తకం చేపట్టినవారు అబ్సిడియన్ సింక్‌కు డబ్బు పెట్టడం దండగ కాదు. మ్యాక్, ఐప్యాడ్ రెండూ ఉండి నవల రాస్తున్నవారికి స్క్రివెనర్. ఆఫీసు పని వల్ల ఇప్పటికే 365 చందా ఉన్నవారు వర్డ్ వదిలి వేరేదానికి వెళ్లవలసిన అవసరమేమీ నాకు కనబడలేదు.

ఏది వాడినా చివరికి రాత చేరేది డీటీపీ చేసేవారి దగ్గరికే. తెలుగు ప్రచురణలో ఇప్పటికీ యూనికోడ్ కాని 'అను' ఫాంట్లతో, పేజీలు కట్టే 2001 నాటి సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7తో పనిచేసే చోట్లు ఉన్నాయి. అక్కడ మన యూనికోడ్ పాఠాన్ని వారి ఫాంటులోకి మార్చుకుంటారు, మనం పెట్టిన శైలులు ఆ మార్పిడిలో నిలవవు, పైన చెప్పిన అదృశ్యాక్షరం కూడా తరచుగా అక్కడే పోతుంది. పేజీలు కట్టే మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పనిచేసేవారు అందులోని వరల్డ్ రెడీ కంపోజర్‌ అనే అమరికను ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. అందుచేత ప్రతి పంపేటప్పుడు హంగులు లేని వర్డ్ ఫైలు ఒకటి, దానితోపాటు పీడీఎఫ్ ఒకటి తప్పకుండా పంపాలి. పేజీలు కట్టేవారి కంప్యూటర్‌లో ఫాంటు మారినా, ఏ ఒత్తు ఎక్కడ ఉండాలో, ఏ పొల్లు విడిగా నిలవాలో వారు ఆ పీడీఎఫ్ చూసి సరిచేసుకోగలుగుతారు.